వాన ఈగ: అబిడ్స్ నుంచి బాగె ఆమ్ దాకా

అరేబియాలో సలబా అనే ఒక లోయ ఉండేది. హిలాల్ అనే ఒక వ్యక్తి తన తేనెలో పదో వంతు తెచ్చి దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి సమర్పించి, ఆ లోయను తన తేనెటీగల కోసం రక్షితంగా ఉంచమని అర్థించాడు. ప్రవక్త (స) ఆ కోరికను మన్నించారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో అక్కడి అధికారి ఈ లోయ విషయమై లేఖ రాసి అడిగాడు. మునుపటిలాగే పదో వంతు చెల్లిస్తే లోయకు రక్షణ కొనసాగించమనీ, చెల్లించకపోతే అవి వాన ఈగలు మాత్రమేననీ, ఆ తేనెను ఎవరైనా తినవచ్చుననీ ఖలీఫా సమాధానమిచ్చారు. అబూ దావూద్ హదీసు సంకలనంలోని జకాత్ అధ్యాయంలో ఈ ఉదంతం ఉంది.

మదరసాలో ఈ పాఠం చెప్పినప్పుడు విద్యార్థుల దృష్టి సహజంగానే పదో వంతు మీదికి పోతుంది. తేనె మీద ఉష్ర్ ఉందని ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అహ్మద్ (రహ్మలై) అన్నారు. లేదని ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫియీ (రహ్మలై) అన్నారు. ఆ చర్చ దాని చోట అవసరమే. నా మనసు మాత్రం ప్రతిసారీ ‘వాన ఈగ’ అన్న రెండు మాటల దగ్గరే ఆగుతుంది. ఒక ప్రాణి బతుకంతా ఆ రెండు మాటల్లో ఇమిడి ఉంది. వాన కురిస్తే నేల చిగురిస్తుంది, చెట్టు పూస్తుంది, పువ్వులో మకరందం ఊరుతుంది, దాని వెంట ఈగ వస్తుంది. వాన ముఖం చాటేస్తే ఈగ ఆ లోయను విడిచిపోతుంది. లోయ ఎవరి పేర ఉన్నా ఈగ నడిచేది వాన వెంటే.

దివ్యఖుర్ఆన్‌లో తేనెటీగ పేరిట ఉన్న నహ్ల్ సూరా చదివేవారు ఆయతుల క్రమాన్ని ఒక్కసారి గమనించాలి. 65వ ఆయతు ఆకాశం నుంచి కురిసి మృత భూమికి ప్రాణం పోసే నీటి గురించి చెబుతుంది. 66వది పశువుల పాల గురించి, 67వది ఖర్జూర, ద్రాక్ష ఫలాల గురించి. ఆ తరువాతే, 68, 69 ఆయతుల్లో తేనెటీగ ప్రస్తావన వస్తుంది. ముందు వాన, దాని వెనుక పచ్చిక, పండు, చివరికి తేనె.

ఇదంతా కొండకోనల సంగతి, నగరవాసులకు దీనితో పనేమిటి అని కొందరు అనుకోవచ్చు. హైదరాబాదు నడిబొడ్డున, అబిడ్స్ చౌరస్తా నుంచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ వరకు ఉన్న దారి రెండు, రెండున్నర కిలోమీటర్లకు మించదు. అడుగు అడుగునా మోటారు బండ్ల రొద వినిపించే ఆ దారిలోనే ఈ ఆయతులకు సాక్ష్యాలు కనబడతాయి. పాఠకులను ఆ దారి వెంట తీసుకువెళ్ళడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మార్కెట్టులో తేనె సీసా

అబిడ్స్ పేరు ఒక దుకాణదారు నుంచి వచ్చిందని ప్రసిద్ధి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియా జాతీయుడు ఇక్కడ దుకాణం తెరిచాడు. నేటికీ ఇది దుకాణాల పేటే. ఆదివారం పూట కాలిబాటల మీద పరుచుకునే పాత పుస్తకాల కోసం నాబోటి వారు ఇక్కడికి వస్తుంటారు. పెద్ద పోస్టాఫీసు దాటి కొంత దూరం నడిస్తే మొజంజాహీ మార్కెట్టు గడియార స్తంభం కనిపిస్తుంది. ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజ్జం జాహ్ పేరిట 1935లో రాతితో కట్టిన ఈ మార్కెట్టు చిరకాలం పండ్ల వ్యాపారానికి కేంద్రంగా వెలిగింది. తరువాత టోకు పండ్ల వ్యాపారం నగరం అంచుకు తరలిపోయింది.

ఈ చుట్టుపక్కల ఎండు పండ్ల దుకాణాల్లో, ఖర్జూరాల పక్కన, వరుసగా తేనె సీసాలు ఉంటాయి. ఏడాది పొడుగునా ఒకే రంగు, ఒకే చిక్కదనం. సీసాను చూస్తే తేనె కూడా సబ్బులా, నూనెలా ఏ కార్ఖానాలోనో రోజూ తయారయ్యే సరుకు అనిపిస్తుంది. వాస్తవం వేరు. తేనె ఒక పంట. వరి పంటకు వాన ఎంత అవసరమో తేనె పంటకూ అంతే అవసరం.

నేలలో తగినంత తేమ ఉంటేనే చెట్టు పువ్వులోకి మకరందం స్రవిస్తుంది. కరవు కాలంలో చెట్టు పూసినా ఆ పువ్వు తరచు ఖాళీ గిన్నెలాంటిది. వాన మరీ ఎక్కువైనా కష్టమే. పైకి తెరుచుకున్న పువ్వుల్లోని మకరందం కొట్టుకుపోతుంది, పుప్పొడి తడిసి ముద్దవుతుంది, ఈగ గూడు దాటదు. పువ్వు నుంచి తెచ్చిన మకరందంలో సగానికి పైగా నీరే ఉంటుంది. గూటిలో ఈగలు దానిని నోటి నుంచి నోటికి మార్చుకుంటూ, రెక్కలతో విసురుతూ ఆ నీటిని ఆవిరి చేస్తాయి. తేమ సుమారు ఐదో వంతుకు తగ్గాకే గదికి మైనపు మూత వేస్తాయి. గాలిలో తేమ నిండిన వర్షాకాలంలో ఈ ఆరబెట్టే పని సాగదు. అందుకే ముసురు రోజుల్లో మూత పడని గదుల నుంచి పిండిన తేనె పలుచగా ఉండి త్వరగా పులిసిపోతుంది.

ఆకాశం ఇవ్వనిదాన్ని పాకంతో నింపడం ఎంత తేలికో మార్కెట్టుకు తెలుసు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం తన పరిశోధన ఫలితాలను ప్రకటించింది. పరీక్షించిన 13 రకాల తేనెల్లో 10 అత్యాధునిక అయస్కాంత పరీక్షలో నిలవలేకపోయాయి. చక్కెర పాకం కలిసిందన్నది ఆరోపణ. ఇక్కడ ముస్లిం హదీసు గ్రంథంలోని మరొక ఉదంతం గుర్తు చేసుకోవాలి. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన దానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. వాన కురవడం వ్యాపారి తప్పు కాదు. దాని ఫలితాన్ని దాచడమే అతని తప్పు. ఈ ఏడు తేనె తక్కువగా వచ్చింది, అందుకే ధర ఎక్కువ అని చెప్పగల వ్యాపారి, ఆ మాటను నమ్మి ఓర్చుకోగల కొనుగోలుదారు ఇద్దరూ ఉంటేనే బజారులో బరకత్ నిలుస్తుంది.

నుమాయిష్ చలిలో పేరుకున్న తేనె

మార్కెట్టు నుంచి ముకర్రంజాహీ రోడ్డు మీదుగా నాంపల్లి వైపు సాగితే ఎగ్జిబిషన్ మైదానం వస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో 1938లో బాగె ఆమ్‌లో చిన్నగా మొదలైన నుమాయిష్, 1946లో ఈ మైదానానికి మారింది. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు జరగడం ఆనవాయితీ. అంటే నగరం బాగా చలిలో ఉండే రోజులన్నమాట.

ఒక ఏడాది అక్కడి తేనె అంగడి ముందు ఒక పెద్దావిడ సీసాను వెలుగుకు ఎత్తి చూస్తూ, “ఇదేమిటి బేటా, అడుగున చక్కెర పేరుకుంది? కల్తీ సరుకు కాదు కదా?” అని అడుగుతోంది. అంగడి కుర్రవాడు జవాబు తోచక తడబడుతున్నాడు. మన ఇళ్ళలో చాలామందికి ఉన్న సందేహమే అది.

తేనెలో ప్రధానంగా రెండు రకాల చక్కెరలు సహజంగానే ఉంటాయి. వాటిలో ద్రాక్ష చక్కెర పాలు ఎక్కువైన తేనె చలికి గడ్డకడుతుంది. సుమారు 14 డిగ్రీల వద్ద ఈ పేరుకోవడం అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. హైదరాబాదులో జనవరి రాత్రుల చలి ఇంచుమించు అదే. ఆవ, ప్రొద్దుతిరుగుడు పూల తేనె తొందరగా పేరుకుంటుంది. కొన్ని పూల తేనె నెలల తరబడి జారుగానే ఉంటుంది. కాబట్టి పేరుకున్నంత మాత్రాన అది కల్తీ కాదు, పేరుకోనంత మాత్రాన స్వచ్ఛమూ కాదు. సీసాను గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే తేనె మళ్ళీ కరుగుతుంది. పొయ్యి మీద మరిగించకూడదు. వేడికి దాని సువాసన, గుణం పోతాయి. నీటిలో చుక్క వేయడం, వత్తి ముంచి వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు నమ్మదగినవి కావు. అల్లాహ్ స్వస్థత ఉంచానని తెలిపిన వస్తువును అనుమానంతో పారబోసేముందు ఈ మాత్రం తెలుసుకోవడం మన బాధ్యత.

చలి ఈగకూ కష్టమే. తెల్లవారి చలి పది డిగ్రీల ప్రాంతానికి దిగితే ఈగ రెక్క కదలదు. ఎండ వచ్చి ఒళ్ళు వెచ్చబడేదాకా గూటిలోనే ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. అయితే దక్కనులో చలికాలం కొద్ది గంటల మాట. పొద్దెక్కగానే ఆకాశం నిర్మలంగా, గాలి నెమ్మదిగా ఉంటుంది. కనుక మన వైపు వర్షాకాలం ముగిసినది మొదలు వేసవి ముదిరేదాకా ఈగకు పనికాలం.

పెట్టెలో పెరిగే ఈగ

ఇదే రోడ్డు మీద గాంధీభవన్ ఉంది. ఆ ఆవరణలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కార్యాలయం ఉంది. రాట్నం, నూలు గుర్తుకు వచ్చే ఈ సంస్థ పనుల్లో తేనెటీగల పెంపకం ఒకటని చాలామందికి తెలియదు. 2017లో ఈ కమిషన్ హనీ మిషన్ పేరిట ఒక పథకం ప్రారంభించి రైతులకు, నిరుద్యోగులకు శిక్షణతో పాటు తేనె పెట్టెలు అందజేస్తున్నది. కొద్ది పొలం ఉన్నవారికి, అసలు పొలమే లేనివారికి కూడా ఇది హలాల్ జీవనోపాధి.

పెట్టెలో పెంచడానికి వీలైన ఈగలు ముఖ్యంగా రెండు. ఒకటి, చెట్టు తొర్రల్లో, పుట్టల్లో పలకలు పలకలుగా పట్టు పెట్టే మన దేశవాళీ ఈగ. రెండవది, 1962లో నగ్రోటా వద్ద మన దేశంలో స్థిరపడిన ఐరోపా ఈగ. ఈ రెండో రకం తేనె ఎక్కువ ఇస్తుంది కనుక పెంపకందారులు పెట్టెలను లారీలకెత్తి పూత వెంట ఊరూరా తిప్పుతారు. ఆవ పూసినచోట కొన్నాళ్ళు, ప్రొద్దుతిరుగుడు పూసినచోట కొన్నాళ్ళు. వాన ఈగ లక్షణాన్ని మనిషి ఇక్కడ లారీతో అనుసరిస్తున్నాడు, అంతే.

పెంపకందారుకు ఆకాశాన్ని చదవడం రావాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే వానల్లో ఈగ బయటికి పోలేదు, పోయినా పూత తక్కువ. ఆ రోజుల్లో గూటిలో నిల్వ చాలకపోతే చక్కెర నీళ్ళు పట్టి బతికించాలి. ఆ నీళ్ళతో నిండిన గదులను తేనెగా పిండి అమ్మడం మోసమే. ముసురు పట్టినప్పుడు బలహీనపడిన కుటుంబాన్ని మైనపు పురుగు ఆశిస్తుంది; పెట్టె కాళ్ళ కింద నీటి గిన్నెలు లేకపోతే చీమలు ఎక్కుతాయి. వేసవిలో పెట్టెకు నీడ, దగ్గరలో నీరు లేకపోతే ఈగలు పెట్టె విడిచి లేచిపోతాయి. అన్నిటికీ మించి ఆశ అదుపులో ఉండాలి. వానకాలం గడవడానికి ఈగ దాచుకున్న తేనెనంతా పిండుకున్నవాడికి మరుసటి ఏడు ఖాళీ పెట్టే మిగులుతుంది.

గోడలకు వేలాడే అతిథులు

నాంపల్లి రైల్వే స్టేషను, హజ్ హౌస్ ఉన్న ప్రాంతానికి చేరాక తల ఎత్తి చూడాలి. నగరంలోని ఎత్తయిన భవనాల చూరుల కింద, నీళ్ళ ట్యాంకుల అడుగున, అర్ధచంద్రాకారంలో నల్లటి పట్టు ఒక్కోసారి వేలాడుతూ ఉంటుంది. అది కొండ తేనెటీగ పట్టు. దీనిని పెట్టెలో పెంచడం ఎవరి తరమూ కాదు. ఒకే ఒక్క పెద్ద పలక. దానిని పొరలు పొరలుగా కప్పుకుని వేలాది ఈగలు. అవే దానికి గోడ, అవే పైకప్పు. వాన పడితే నీరు వాటి ఒంటి మీదుగా జారిపోతుంది. ఎండ కాస్తే అవే నీడ.

ఈ ఈగకు రుతువుల లెక్క తెలుసు. వానలు వెనుకపట్టి పూత మొదలయ్యే కాలంలో నగరానికి వస్తుంది. ఎండలు ముదిరి పూత అడుగంటాక లేచిపోతుంది. విశేషమేమిటంటే, మరుసటి ఏడు తరచు అదే చెట్టుకు, అదే చూరుకు తిరిగి వస్తుంది. పనిఈగ ఆయువు కొద్ది వారాలు, మహా అయితే కొద్ది నెలలు. అంటే మళ్ళీ వచ్చేది దాదాపు కొత్త తరమే. దానికి ఆ చిరునామా ఎలా తెలిసిందో ఇంకా పూర్తిగా తేలని సంగతి. ఏడాదికొకమారు హజ్ హౌస్‌కు చేరి తమ వంతు రాగానే బయలుదేరిపోయే యాత్రికులను చూసిన కళ్ళకు ఈ రాకపోకలు వింతగా తోచవు.

తేనెటీగ నివాసాలుగా దివ్యఖుర్ఆన్ మూడింటిని పేర్కొంది: కొండలు, చెట్లు, మానవులు నిర్మించేవి. మొదటి రెండింటిని ఎవరూ కాదనరు. మూడవది మన గోడ. ఆ గోడ మీద పట్టు పెట్టడం ఆక్రమణ కాదు, దానికి ప్రభువు నుంచి అందిన అనుమతి. అరబీ వ్యాకరణం చెప్పేటప్పుడు విద్యార్థులకు మరొకటి చూపిస్తాను. ఈ ఆయతుల్లోని ఆజ్ఞా క్రియలు, ఇళ్ళు కట్టుకో, తిను, నడు అనేవి, మూడూ స్త్రీలింగ రూపాలే. ఇల్లు కట్టి, మకరందం తెచ్చి, తేనె చేసే పనిఈగలన్నీ ఆడవే. నహ్ల్ అనే పదాన్ని స్త్రీలింగంగా వాడటం అరబ్బుల వాడుకలో ఉన్నదే కాబట్టి దీని మీద పెద్ద వాదం నిలబెట్టనవసరం లేదు. అయినా మాటకూ వాస్తవానికీ కుదిరిన ఈ పొందిక చూసి విశ్వాసి హృదయం ఆనందిస్తుంది.

ఇంతటి అతిథికి నగరంలో జరుగుతున్న మర్యాద చెప్పడానికి నోరు రాదు. మొన్నటి వేసవిలో అబిడ్స్ పక్క వీధిలో ఒక వ్యాపార భవనం మెట్ల దగ్గర, ఫజ్ర్ నమాజు తరువాత, ఊడ్చేవాళ్ళు చీపురుతో కుప్పలుగా చచ్చిన ఈగలను పోగుచేయడం చూశాను. రాత్రి ఎవరో కూలికి మనిషిని పెట్టి కాగడాతో పట్టు కాల్పించారు. పైన సున్నం మీద మసి మరక, కింద కరిగి గడ్డకట్టిన మైనం. కొన్ని ఈగలు బతికి, పట్టు లేని ఆ చోటనే గాలిలో గిరగిర తిరుగుతున్నాయి. తేనె కూడా ఎవరికీ దక్కలేదు. మంటకు మెట్ల మీద ఒలికిపోయింది.

చీమ, తేనెటీగ, హుద్‌హుద్, సురద్ అనే పిట్ట, ఈ నాలుగింటిని చంపరాదని దైవప్రవక్త (స) వారించినట్టు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో సహచరులు చీమల పుట్టను తగలబెట్టగా చూసి, నిప్పుతో శిక్షించే హక్కు నిప్పును సృష్టించిన ప్రభువుకే ఉందని ఆయన చెప్పినట్టు మరొక హదీసు. ఈ రెండింటిని కలిపి చదివితే కాగడా పట్టే చేయి వెనుకకు రావాలి.

అయితే ధర్మం మనిషి ప్రాణాన్ని తేలికగా తీసుకోదు. కొండ తేనెటీగ కోపిస్తే గుంపుగా తరుముతుంది. బడి, ఆసుపత్రి, పిల్లలు ఆడుకునే బాల్కనీ, ఇటువంటి చోట పట్టు ఉండటం ప్రమాదమే. హాని తొలగించుకోవడానికి అనుమతి ఉంది. కానీ తక్కువ నష్టంతో పని జరిగే దారి ఉండగా ఎక్కువ నష్టపు దారి పట్టరాదన్నది పండితుల సూత్రం. చంపకుండా పొగతో ఈగలను లేపి పట్టు తొలగించగల నేర్పరులు ఉన్నారు, వారిని పిలవాలి. ఎవరికీ అందనంత ఎత్తులో ఉంటే కొన్ని నెలలు ఓపిక పడితే చాలు, కాలం మారగానే అవే వెళ్ళిపోతాయి. ఈలోగా పిల్లలు రాళ్ళు విసరకుండా చూడాలి. ఒకవేళ ఈగలు తరిమితే చేతులు విసరకుండా ముఖం కప్పుకుని గదిలోకి చేరి తలుపు వేసుకోవాలి. ముల్లును వెంటనే గోటితో గీకి తీసేయాలి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

బాగె ఆమ్ నీడలో

ఆమ్ అంటే అందరిదీ అని అర్థం. నిజాముల నాటి బాగె ఆమ్ నేటి పబ్లిక్ గార్డెన్స్. 1913 నాటి టౌన్‌హాలు, అంటే నేటి శాసనసభ భవనం, దాని పక్కనే. లోపల షాహీ మసీదు. జుమా నాడు నమాజీలతో నిండే ఆ మసీదు చుట్టూ ఉన్న చెట్ల నీడలోకి అడుగు పెట్టగానే రోడ్డు మీది వేడి తగ్గినట్టు ఒంటికే తెలుస్తుంది. ఇటువంటి తోటల్లో పొదల మధ్య అరచేతి వెడల్పున పట్టు పెట్టే చిన్న తేనెటీగ కనబడుతుంది. దాని తేనె గుప్పెడు కూడా ఉండదు. ఎండ కొమ్మ మారితే అదీ చోటు మారుతుంది. దగ్గరలోకే పోతే పాత పట్టు మైనాన్ని కాళ్ళకు అద్దుకుని పోయి కొత్త పట్టుకు వాడుకుంటుంది.

తేనెటీగ పిల్లలు పెరిగే చోట వేడి సుమారు 33 నుంచి 36 డిగ్రీల మధ్యనే ఉండాలి. మే నెలలో హైదరాబాదు 40 డిగ్రీలు దాటుతుంటే ఆ గూడు ఎలా నిలుస్తుంది? పనిఈగలు నీరు మోసుకొచ్చి పట్టు మీద పలుచగా పూసి, రెక్కలతో విసురుతాయి. మట్టి కుండ చల్లబడే రహస్యమే అది. మధ్యాహ్నం మకరందం పని ఆపి నీటి పనే చేస్తాయి. వేడి పెరిగినకొద్దీ తేనె తెచ్చే రెక్కలు తగ్గి, నీరు తెచ్చే రెక్కలు పెరుగుతాయి. కాంక్రీటు పెరిగి రాత్రిళ్ళు కూడా చల్లబడని పేటల్లో ఈ శ్రమకు అంతు లేదు. దగ్గరలో నీరు లేకపోతే గూడు ఖాళీ అవుతుంది.

ఈగకు దారి చూపేది సూర్యుడు. పూలు ఎటువైపు, ఎంత దూరమో గూటిలో నాట్యంతో తోటివారికి చెబుతుందని కనుగొన్న కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది. ఆ నాట్యంలో దిక్కుకు కొలత సూర్యుడి స్థానమే. మబ్బుల మధ్య కాస్త నీలాకాశం కనిపించినా అందులోని వెలుగును బట్టి దిక్కు పోల్చుకోగలదు. బలమైన గాలి, కారుమబ్బు వస్తే పని కట్టిపెట్టి గూటికి చేరుతుంది. ప్రభువు సులభం చేసిన దారుల్లో సాగిపొమ్మని దానికి ఆజ్ఞ. గాలి, ఎండ, వాన, పూత, ఇవే ఆ దారులు.

ఆ దారులు నేడు తడబడుతున్నాయి. వేప, కానుగ, నేరేడు పూసే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలంగాణలో వడగళ్ళు పడితే పూతంతా నేల రాలుతుంది. రైతు మామిడిని చూసి ఏడుస్తాడు. ఈగ ఆకలి ఎవరికీ కనిపించదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో ఒక్క రాత్రిలో నగరం మునిగిపోయిన వానను మనం మరువలేదు. వానలు వెనుకబట్టి ఈగకు పనికాలం మొదలయ్యే నెల అది. ఏడాది మొత్తం వాన లెక్క సరిగ్గానే ఉండవచ్చు. అది నాలుగు నెలలుగా కాక నాలుగు రోజులుగా కురిస్తే చెట్టుకు గాని, ఈగకు గాని ప్రయోజనం లేదు. వాన ఈగ వానను నమ్ముకుని వస్తుంది. వాన మాట తప్పితే దానికి మరో ఆధారం చెట్టు నీడ, చెట్టు పూత మాత్రమే. ఆ చెట్టును ఉంచడం, నరకడం మన చేతుల్లో ఉంది.

ఆకాశాన్ని శాసించడం మనవల్ల కాదు. మనవల్ల అయ్యేవి కొన్ని ఉన్నాయి. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మసీదు ఆవరణలో, మదరసా ప్రహరీ వెంట, వీధి మలుపులో ఒక వేప, ఒక కానుగ, ఒక నేరేడు నాటవచ్చు. గుల్‌మొహర్ కళ్ళకు ఇంపే గాని ఈగ కడుపు నింపేది ఇవే. డాబా మీద వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీరు పోసి ఉంచితే ఈగ రాయి మీద వాలి మునగకుండా తాగుతుంది. దోమలు పెరగకుండా రోజూ నీరు మార్చాలి. కుండీల్లో తులసి, ధనియాలు కొన్నైనా పూతకు వదలాలి. పూసిన మొక్కల మీద పురుగుమందు చల్లరాదు. కాలనీ కమిటీలో పట్టు కాల్చే మాట వచ్చినప్పుడు పైన చెప్పిన హదీసు వినిపించడానికి ఒక్కరైనా లేవాలి.

విశ్వాసిని దైవప్రవక్త (స) తేనెటీగతో పోల్చారు. అది పరిశుద్ధమైనది తింటుంది, పరిశుద్ధమైనది ఇస్తుంది, వాలిన కొమ్మను విరవదు, చెరపదు. ఇమామ్ అహ్మద్ ముస్నద్‌లోని ఈ పోలికను మనం ప్రసంగాల్లో ఎంతో ఇష్టంగా చెప్పుకుంటాం. ఈ నగరమే మనం వాలిన కొమ్మ. దాని చెట్టును, నీటిని, గాలిని విరవకుండా, చెరపకుండా మన తరువాతి వారికి అప్పగించే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. మన నేల మీద సకాలంలో మేలైన వాన కురిపించుగాక. ఆమీన్.